కళ్లు కదిపితే భయం పోతుందా? పేపర్లు ఏం చెబుతున్నాయి

నవంబర్‌లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్ల మాటల్లోకి 1977 వచ్చేస్తుంది. ఆ నెల 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. ఇలాంటి ఘోరం చూసి బతికినవాళ్లను వెంటాడే పీడకలలు, ఉలికిపాట్లకు పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా సైకియాట్రీ వాళ్ల అధికారిక జాబితాలోకి ఎక్కింది 1980లో.

ఇప్పుడు పేరూ ఉంది, చికిత్సలూ ఉన్నాయి. వాటిలో వినడానికి వింతగా ఉండేది ఈఎండీఆర్. బాధపెట్టే జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని, థెరపిస్టు వేలు అటూ ఇటూ కదుపుతుంటే కళ్లతో దాన్ని వెంబడించాలి. కాసేపు ఆగి, ఏం అనిపించిందో చెప్పాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఉద్యోగాల పేజీలో ఈ గోలేంటి అంటారా? డేటా అనలిస్టు ఇంటర్వ్యూలో అడిగే ఏ/బీ టెస్టింగ్, కంట్రోల్ గ్రూప్ ప్రశ్నలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా ‘వీకెండ్ కోర్సు చేయండి, ట్రామా థెరపిస్టు అవ్వండి’ అనే ప్రకటన కనిపిస్తే డబ్బు కట్టాలా వద్దా అన్నది మీ జేబుకు సంబంధించిన విషయం.

ఈ పద్ధతిని తెచ్చింది ఫ్రాన్సిన్ షపీరో. 1989లో ఆమె వేసిన పేపర్‌లో ఉన్నది 22 మంది. చికిత్స చేసిందీ ఆమే, ఫలితం కొలిచిందీ ఆమే. కోడ్ రాసినవాడే టెస్టింగ్ కూడా చేసి ‘బగ్స్ లేవు’ అంటే మనం ఊరుకుంటామా? అయితే ఆ తర్వాత చాలామంది పరీక్షించారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీటీఎస్‌డీకి సిఫారసు చేసిన చికిత్సల్లో దీన్ని చేర్చింది. అంటే ఇది ఉత్త బూటకం కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. గుడివాడలో ఒక కోచింగ్ సెంటర్ రోజూ మాక్ టెస్టు పెట్టి, చివర్లో చేతిలో బందరు లడ్డూ పెట్టిందనుకోండి. ఆ బ్యాచ్‌కి, ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్లకంటే మార్కులు ఎక్కువొస్తాయి. అది లడ్డూ మహిమేనా? తేలాలంటే ఇంకో బ్యాచ్‌కి లడ్డూ లేకుండా టెస్టులు పెట్టాలి. రోసెన్, డేవిసన్ అనే సైకాలజిస్టులు 2003లో ఇదే సంగతిని ఊదారంగు టోపీతో చెప్పారు. మనకు లడ్డూ నయం. ఈఎండీఆర్‌లో మాక్ టెస్టు లాంటిది, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని భద్రమైన చోట ధైర్యంగా తలచుకోవడం. అది పాత చికిత్సల్లోనూ ఉంది. మరి కళ్ల కదలిక లడ్డూయేనా?

2001లో డేవిడ్‌సన్, పార్కర్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను కలిపి చూసి, కళ్లు కదిపినా కదపకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. 2013లో లీ, కైపర్స్ 26 ప్రయోగాలు కలిపితే కొంత అదనపు లాభం కనిపించింది. కానీ వాటిలో కొన్ని ల్యాబ్ ప్రయోగాలు. జ్ఞాపకం తీవ్రత ఆ కాసేపట్లో తగ్గడం ఒకటి, ఏడాది తర్వాత నిద్ర పట్టడం మరొకటి. అదే కైపర్స్ 2020లో ఇంకో బృందంతో మళ్లీ లెక్క తీశారు. పీటీఎస్‌డీ మీద 27 ప్రయోగాలుంటే, పక్షపాతం ముప్పు తక్కువగా ఉన్నవి నాలుగే. ఈఎండీఆర్ మిగతా థెరపీలకంటే మెరుగ్గా కనిపించినా, ఆ నాణ్యమైన వాటి వరకే చూస్తే ఆ ఆధిక్యం నిలబడలేదు. మొన్న తనే ఇచ్చిన అంకె మీద మోజు పడకుండా జల్లెడ పట్టాడు చూడండి, అది నాకు నచ్చింది.

నా లెక్క ఇది: చికిత్సగా పనిచేస్తుంది, కళ్ల వల్లే పనిచేస్తుందన్నది ఇంకా తేలలేదు. కాబట్టి శిక్షణ ఉన్న సైకాలజిస్టు ఈఎండీఆర్ చేద్దామంటే భయపడక్కర్లేదు. యూట్యూబ్‌లో కదిలే చుక్కను చూస్తూ సొంతంగా మాత్రం చేయొద్దు, చేదు జ్ఞాపకం పైకొచ్చాక పక్కన పట్టుకునే మనిషి కావాలి. కోర్సు సంగతికొస్తే, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, వీకెండ్ సర్టిఫికెట్‌తో అది రాదు. ఇంట్లో ఎవరైనా ఇలాంటి బాధతో ఉంటే టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.