తపాలా శకటము: నాఁడును నేఁడును

అమెరికా తపాలాశాఖవారి క్రొత్తబండిని చూచి బాతువలె నున్నదని పలువురు పరిహసించుచున్నారు గాని, ఆ యాకారము వెనుకనున్న దయను వారు గమనింపలేదని నా దృఢాభిప్రాయము. 1987 మొదలు 1994 వఱకు గ్రమ్మన్ సంస్థ నిర్మించిన పాతబండి చూపునకు పొందికైనదే. తుప్పెఱుఁగని అల్యూమినియపు మేను, వీథిప్రక్కనున్న ఉత్తరాలపెట్టెను కూర్చున్నచోటినుండియే అందుకొనుటకు వీలుగా కుడిప్రక్కన చోదకపీఠము, 24 ఏండ్ల యాయుర్దాయము నుద్దేశించి కల్పింపఁబడియు 30 ఏండ్లు దాటి పరుగిడుచున్న దార్ఢ్యము, ఇవన్నియు శ్లాఘనీయములే. అయినను జాబులు మెండుగాను పార్సెళ్లు కొలఁదిగాను ఉన్న కాలమున రూపొందిన యా బండిలో ఏసీ లేదు, ప్రమాదమున ప్రాణము కాచు గాలిసంచి లేదు. ఆరిజోనా మండువేసవిలో, ముందుటద్దము చెంత గిరగిర తిరుగు చిన్న పంకా విసరు వేఁడిగాలినే పీల్చుచు, చెమట తుడుచుకొనుచు, ఇంటింటికి ఆగుచు సాగిపోవు జవానుయొక్క శ్రమను ఆనాఁటి నిర్మాతలు లెక్కింపరైరి. 2021లో ఓష్‌కోష్ సంస్థకు నిర్మాణ మప్పగింపఁబడిన నూతనశకటమున బానెట్టు క్రిందికి దిగి అద్దము మిక్కిలి పెరిగినది దేనికనఁగా, పొట్టిచోదకురాలికి సైతము బండి ముందు నడచు పసిబిడ్డ కనఁబడవలెనని. కప్పు పైకి లేచినది దేనికనఁగా, పార్సెళ్లనడుమ మనిషి నడుము వంపక నిలువవలెనని. ఏసీయు గాలిసంచులును, చుట్టుప్రక్కలఁ జూపు కెమెరాలును సరేసరి. పనిచేయువాని దేహమును కొలఁతగాఁ గొని గీసిన బండి యిట్లే యుండును. 2024లో జార్జియా రాష్ట్రపు ఏథెన్సు పట్టణమున తొలుదొల్త వీథుల కెక్కిన యీ బండ్లు మఱి పదేండ్లు ముందుగా రావలసినవి.