నియంత్రిత ఔషధాలు, రసాయనాల దిగుమతి – అనుమతి పత్రాల పరిధి ఎంతవరకు?

హైదరాబాద్: మత్తు మందు ఎక్కడ పట్టుబడినా అది విదేశాల నుండి ఓడలోనో, విమానంలోనో వచ్చి ఉంటుందన్న అభిప్రాయం ప్రజల్లో బలంగా నాటుకొని ఉంది. అయితే 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలోని ఒక ప్రైవేటు పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారవుతున్నట్లు తెలంగాణ పోలీసు శాఖకు చెందిన ఈగల్ విభాగం కనుగొన్నది. తరగతులు నడుస్తున్న భవనంలోనే రియాక్టర్లు నెలకొల్పి తయారు చేసిన ఆ పొడి మహబూబ్‌నగర్ ప్రాంతంలోని కల్లు వ్యాపారులకు చేరుతున్నట్లు దర్యాప్తులో వెల్లడైంది. తయారైన ఆ మందు ఏ రేవులోనూ దిగలేదు, ఏ కస్టమ్స్ అధికారి ముందుకూ రాలేదు. నియంత్రిత ఔషధాల దిగుమతిపై ఇంత కట్టుదిట్టమైన నిబంధనలు ఉండగా ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్న సహజం. ఆ నిబంధనలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతాయో పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

1985 నవంబరు 14 నుండి అమలులోకి వచ్చిన మాదక ద్రవ్యాలు, మనఃప్రభావక పదార్థాల చట్టం, అనగా ఎన్.డి.పి.ఎస్. చట్టం, మూడు వేర్వేరు తరగతులను గుర్తిస్తుంది. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, కొకైన్, గంజాయి వంటివి మాదక ద్రవ్యాలు. అల్ప్రాజోలం, డయాజెపామ్, కెటమిన్ వంటివి మనఃప్రభావక పదార్థాలు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ వంటి ప్రికర్సర్ రసాయనాలు నియంత్రిత పదార్థాలు. ఈ మూడవ తరగతికి చెందినవి చాలా వరకు నిత్యావసర పరిశ్రమలకు ముడి సరుకులే. ఆస్పిరిన్ మాత్రకు కావలసిన ఎసిటిక్ ఎన్‌హైడ్రైడే మార్ఫిన్‌ను హెరాయిన్‌గా మార్చడానికీ ఉపకరిస్తుంది. జలుబు మందులోని సూడోఎఫెడ్రిన్ నుండి మెథాంఫెటమిన్ తయారవుతుంది. కాబట్టి వీటిని నిషేధించడం సాధ్యం కాదు, లెక్క చూడడమే మార్గం.

మొదటి రెండు తరగతుల దిగుమతికి గ్వాలియర్ కేంద్రంగా పనిచేసే నార్కోటిక్స్ కమిషనర్ జారీ చేసే దిగుమతి ధ్రువపత్రం తప్పనిసరి. మాదక ద్రవ్యాల విషయంలో 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఏర్పరచిన విధానం సరళమైనది, పటిష్టమైనది. దిగుమతి చేసుకునే దేశం ముందుగా ధ్రువపత్రం ఇవ్వాలి. దానిని చూసిన తరువాతనే ఎగుమతి చేసే దేశం అనుమతి మంజూరు చేయాలి. సరుకుతో పాటు అనుమతి ప్రతి ప్రయాణించాలి. సరుకు చేరిన పిదప వాస్తవంగా ఎంత అందినదీ నమోదు చేసి ఆ పత్రాన్ని పంపిన దేశానికి తిరిగి పంపాలి. ఒక్కొక్క దేశానికి సంవత్సరానికి ఎంత అవసరమో ముందే అంచనా వేసి వియన్నాలోని అంతర్జాతీయ మాదక ద్రవ్యాల నియంత్రణ మండలికి సమర్పించాలి. ఆ అంచనాకు మించి దిగుమతికి వీలు లేదు. నల్లమందు, మార్ఫిన్, కొడైన్, థీబెయిన్‌ల దిగుమతి పరిమిత మినహాయింపులతో ప్రభుత్వ నల్లమందు కర్మాగారాలకే పరిమితం. హెరాయిన్, ఎల్.ఎస్.డి. వంటి వాటికి వాణిజ్య దిగుమతి అన్న ప్రసక్తే లేదు.

వంటింటి గసగసాలు సైతం ఈ నిఘా పరిధిలోనివే. గసగసాల్లో మత్తు లేకపోయినా అవి నల్లమందు మొక్క గింజలే. అందువలన దిగుమతిదారు తన కొనుగోలు ఒప్పందాన్ని నార్కోటిక్స్ కమిషనర్ వద్ద నమోదు చేయించుకోవాలి. ఆ పంట చట్టబద్ధంగా పండించినదేనని ఎగుమతి దేశపు అధికారుల ధ్రువీకరణ సమర్పించాలి.

ప్రికర్సర్ రసాయనాలపై అదుపు తరువాత వచ్చింది. 1988 నాటి ఒడంబడికను అనుసరించి 1989లో చట్టానికి 9-ఎ సెక్షన్‌ను చేర్చారు. దాని కింద 1993లో వెలువడిన ఉత్తర్వు స్థానంలో 2013 మార్చి 26న సమగ్రమైన కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇందులోని ఎ షెడ్యూలు దేశంలోపల తయారీ, కొనుగోలు, నిల్వ, వినియోగాలకు సంబంధించినది. బి షెడ్యూలు ఎగుమతులకు, సి షెడ్యూలు దిగుమతులకు వర్తిస్తాయి. ఎ షెడ్యూలు రసాయనాలతో వ్యవహరించే సంస్థ నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో జోనల్ డైరెక్టర్ వద్ద ప్రత్యేక నమోదు సంఖ్య పొంది, మూడు నెలలకొకసారి లెక్కలు సమర్పించాలి. దిగుమతికి మాత్రం గ్వాలియర్ నుండి నిరభ్యంతర పత్రం పొందాలి. ఉత్తర్వును ఉల్లంఘిస్తే 25-ఎ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

గ్వాలియర్ కార్యాలయం కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోనిది, 1986లో ఏర్పాటైన బ్యూరో హోం శాఖ పరిధిలోనిది. పేర్ల సామ్యం వలన వార్తల్లో ఒకదాని ఉత్తర్వు మరొకదానికి ఆపాదించడం తరచు జరుగుతున్నది. జిల్లా స్థాయి ఉత్తరప్రత్యుత్తరాల్లో సైతం ఈ తడబాటు కనిపించడం విచారకరం, ఎందుకంటే చిరునామా తప్పిన లేఖ తిరిగి వచ్చేలోగా సరుకు చేతులు మారిపోతుంది.

సరిహద్దు వద్ద ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తున్నదని చెప్పాలి. 2006 నుండి నియంత్రణ మండలి నిర్వహిస్తున్న పెన్ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఎగుమతి దేశం సరుకు బయలుదేరక ముందే దిగుమతి దేశానికి సమాచారం పంపుతుంది. కొనుగోలుదారు నిజమైన సంస్థేనా, అంత పరిమాణం అవసరమా అన్నది సరుకు ఓడ ఎక్కక ముందే తేల్చుకోవచ్చు.

అసలు లోపం వేరే చోట ఉంది. ఈ నియంత్రణ అంతా జాబితాపై ఆధారపడినది. జాబితాలో పేరు లేని రసాయనానికి ఏ పత్రమూ అక్కరలేదు. ఫెంటానిల్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. దాని తయారీకి వాడే ఎన్.పి.పి., ఎ.ఎన్.పి.పి.లను 2017లో అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చారు. అక్రమ తయారీదారులు ఒక మెట్టు వెనుకనున్న రసాయనాలకు మారడంతో 2022లో మరో మూడింటిని చేర్చవలసి వచ్చింది. 2024లో 4-పిపరిడోన్‌ను, దాని అనుబంధ రసాయనాన్ని కూడా చేర్చారు. జాబితా ఎప్పుడూ ఒక అడుగు వెనుకనే నడుస్తున్నది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సమస్య కాదు. అల్ప్రాజోలం నియంత్రిత మందే అయినా, దాని తయారీకి వాడే ముడి రసాయనాలు 1988 ఒడంబడిక పట్టికల్లో లేవు. తాటి, ఈత చెట్ల నుండి వచ్చే కల్లు గిరాకీకి చాలనప్పుడు తీపి కలిపిన నీటికి మత్తు రప్పించేందుకు ఈ మందును వాడుతున్నారు. మాత్రలో అల్ప్రాజోలం మోతాదు సాధారణంగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు. అనగా ఒక కిలో పొడి 0.25 మిల్లీగ్రాముల మాత్రలు 40 లక్షలతో సమానం. చట్టం ప్రకారం 100 గ్రాములే వాణిజ్య పరిమాణం. ఇంత స్వల్ప బరువు గల సరుకును తనిఖీ కేంద్రాల వద్ద పట్టుకోవడం దుస్సాధ్యం. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులు ముమ్మరమై కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దానికి అలవాటు పడిన కూలీలు మూర్ఛలతో, మతి స్థిమితం తప్పి ఆసుపత్రుల్లో చేరారు. మందు దొరికినా ముప్పే, హఠాత్తుగా ఆగినా ముప్పే. దాడులకు ముందు వైద్య శాఖను సిద్ధం చేయవలసిన ఆవశ్యకతను ఆ అనుభవం తెలియజేసింది.

దీనికి పూర్తిగా భిన్నమైనది 2021 సెప్టెంబరు నాటి ముంద్రా రేవు ఉదంతం. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చిన ఆఫ్ఘన్ టాల్క్ రాళ్ల కంటైనర్లలో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు 2,988 కిలోల హెరాయిన్ పట్టుకున్నారు. కాగితాల మీద దిగుమతిదారు విజయవాడ చిరునామా గల ఒక సంస్థ. సరుకు దిగినది గుజరాత్‌లో, ఇక్కడిది చిరునామా మాత్రమే. ఆ సంస్థ వద్ద ఉన్నది ఏ వ్యాపారికైనా లభించే సాధారణ దిగుమతి–ఎగుమతి కోడ్ సంఖ్య. దానిని డ్రగ్స్ దిగుమతికి లైసెన్సుగా పేర్కొనడం వాస్తవ విరుద్ధం.

నియంత్రణ అతిగా ఉంటే నష్టపోయేది రోగులు. చివరి దశ క్యాన్సర్ రోగికి మార్ఫిన్ మాత్ర తప్ప వేరే ఊరట ఉండదు. పలు లైసెన్సుల బెడదకు భయపడి ఆసుపత్రులు దానిని నిల్వ చేయడమే మానుకున్న కాలం ఉంది. 2014 చట్ట సవరణ, 2015 నిబంధనల ద్వారా మార్ఫిన్, ఫెంటానిల్, కొడైన్, మెథడోన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించారు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఇతర లైసెన్సులు అవసరం లేకుండా చేశారు. ఈ వెసులుబాటును జిల్లా ఆసుపత్రులు ఇంకా పూర్తిగా వినియోగించుకోవలసి ఉంది.

రేవు దాటిన తరువాతి నిఘా ప్రధానంగా రాష్ట్ర యంత్రాంగం చేతిలోనిదే. కలెక్టర్ల అధ్యక్షతన పనిచేసే జిల్లా నార్కో సమన్వయ కమిటీల్లో గంజాయి కేసులతో పాటు మూతపడిన రసాయన కర్మాగారాల జాబితానూ చర్చకు తీసుకోవచ్చు. వాటిని లీజుకు తీసుకున్నది ఎవరు, ఉత్పత్తి లేదని చెప్పే షెడ్డుకు కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది, పాత రియాక్టర్లు ఎవరికి అమ్ముడుపోయాయి అన్న వివరాలు పరిశ్రమలు, విద్యుత్తు, కాలుష్య నియంత్రణ శాఖల రికార్డుల్లో విడివిడిగా ఉన్నాయి. అనుమానాస్పద సమాచారాన్ని జాతీయ హెల్ప్‌లైన్ 1933 నంబరుకు తెలియజేయవచ్చు.