మడమ పగిలితే వేడి చేసిందంటారు

కార్తీకం వెళ్ళి చలి ముదిరేసరికి మన ఇళ్ళల్లో మడమలు పగలడం మొదలవుతుంది. నీళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకీ, పొలం కూలీలకీ, రోజంతా నిలబడి ఉండే దుకాణపు కుర్రాళ్ళకీ ఈ బాధ ఎక్కువ. ఎందుకు పగిలాయని అడిగితే ఎక్కడైనా ఒకటే జవాబు: ఒంట్లో వేడి చేసింది. మజ్జిగ తాగమంటారు, మామిడికాయ పచ్చడి మానమంటారు. మడమ మాత్రం అలాగే ఉంటుంది.

నోరు పొక్కినా, కళ్ళు మండినా, మడమ పగిలినా వేడే అంటే, ఆ మాట దేన్నీ వివరించినట్టు కాదు. ఆ వేడిని కొలిచే మార్గం లేదు కనుక అది తప్పని తేలే మార్గమూ లేదు. నిజంగా వేడే కారణమైతే రోహిణీ కార్తెలో అందరి కాళ్ళూ చీలిపోవాలి. చాలామందికి బాధ ముదిరేది డిసెంబరు, జనవరి నెలల పొడిగాలికి.

అరికాలి చర్మంలో నూనె గ్రంథులు లేవు. అక్కడ ఉన్నవి చెమట గ్రంథులే. ఒంటి బరువు పడినప్పుడు మడమ కింది కొవ్వు పక్కలకి జరుగుతుంది. పైచర్మం మెత్తగా ఉంటే దానితోపాటు సాగుతుంది, ఎండి మందమెక్కితే సాగలేక అంచున చీలుతుంది. గరుకు నేల, సబ్బునీళ్ళు, వెనక పట్టీ లేని చెప్పులు ఆ చీలికని పెంచుతాయి.

ఇంటి వైద్యాన్ని నేను కొట్టిపారేయను. ఆముదం, వెన్న, మైనం కరిగించి కలిపిన నువ్వులనూనె పనిచేస్తాయి, చర్మంలోని తడి ఎగిరిపోకుండా కప్పి ఉంచుతాయి కనుక. సుశ్రుత సంహిత ఈ జబ్బుని పాదదారి అంది. ఎక్కువ నడిచేవాళ్ళ పొడిబారిన పాదాలకి ఇది వస్తుందనీ, మైనం, కొవ్వు, నెయ్యి వంటివి పూయాలనీ చెప్పింది. దీనికి వాతం కారణమన్న దాని సిద్ధాంతం ఇవాళ నిలవదు. కళ్ళతో చూసి చెప్పిన భాగం మాత్రం ఇవాళ్టికీ నిలిచింది. రాత్రి పాదాలు గోరువెచ్చని నీళ్ళల్లో పావుగంట నానబెట్టి, గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాజెలైన్ పట్టించి నూలు మేజోళ్ళు వేసుకోవాలి. చర్మం బాగా మొద్దుబారితే 10 నుంచి 25 శాతం యూరియా ఉన్న క్రీము మందుల షాపులో దొరుకుతుంది. పసుపు పూస్తే రంగు వస్తుందే తప్ప చీలిక మూసుకోదు. నిమ్మరసం పచ్చి చీలికలో మంట పుట్టిస్తుంది. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, పొరపాటున చేతినుంచి కంటికి చేరితే చూపుకే ముప్పు. బ్లేడుతో చెక్కడం ఎవరూ చేయకూడని పని.

ఇక నన్ను అసలు బాధపెట్టే విషయం దీక్షలు. అయ్యప్ప మండల దీక్ష నవంబరు మధ్యలో మొదలై 41 రోజులు నడుస్తుంది, చాలామంది మకరజ్యోతి దాకా మాల ఉంచుకుంటారు. పొద్దునా సాయంత్రమూ చన్నీళ్ళ స్నానం, తారు రోడ్ల మీద చెప్పుల్లేని నడక, అదీ ఏడాదిలో గాలి బాగా పొడిబారే రోజుల్లో. మడమలు పగలడానికి ఇంతకన్నా అనువైన నియమావళి ఉండదు. రక్తం కారితే స్వామి పరీక్ష అంటారు. చెప్పుల్లేని కాలు పవిత్రమనే మన సమాజమే, దళితుణ్ణి ఊళ్ళోని పెద్దకులాల వీధిలో చెప్పులు చేతపట్టి నడిపించింది. చెప్పులు కుట్టిన మాదిగ కాళ్ళు తరతరాలుగా పగిలాయి. ఆ పగుళ్ళలో ఎవరికీ పుణ్యం కనబడలేదు.

పుణ్యం సంగతి అలా ఉంచితే, ప్రాణం సంగతి ఉంది. దేశంలో మధుమేహులు 10 కోట్లకి పైగా ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తేల్చింది. సుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. చెమట పట్టించే నరం పోతే పాదం ఎండి చీలుతుంది, స్పర్శ నరం పోతే ఆ చీలిక నొప్పి తెలియదు. అలాంటివాళ్ళు కాలే బండల మీద నడిచి బొబ్బలెక్కినా గుర్తించలేరు. కాళ్ళు నానబెట్టే నీళ్ళ వేడి కూడా ఇంకొకరు చూసి చెప్పాలి. చీలికలో చేరిన సూక్ష్మజీవి ఎముకదాకా వెళితే పాదం తీసేయాల్సి రావచ్చు.

కుష్ఠు విషయంలో ఈ పాఠం మనకి ఎప్పుడో అందింది. పాపఫలం వల్ల వేళ్ళు రాలిపోతాయని జనం నమ్ముతున్న కాలంలో, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, స్పర్శ లేని పాదానికి తగిలే గాయాలే దాన్ని తినేస్తున్నాయని చూపించాడు. ఆ రోగుల పాదాలు నిలబెట్టినవి మెత్తని రబ్బరు చెప్పులు, రోజూ నీళ్ళల్లో నానబెట్టి నూనె రాసుకోవడం, అరికాలు తిప్పి చూసుకోవడం.

అందుకే గురుస్వాములు సుగర్ ఉన్నవాళ్ళకి మాల వేసేటప్పుడే చెప్పులు వేసుకోమని నోరు తెరిచి చెప్పాలి. దేవస్థానాలు క్యూలైన్లలో వాళ్ళని మెత్తని మేజోళ్ళతో రానివ్వాలి. గురుస్వాములూ దేవస్థానాలూ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇంట్లోవాళ్ళు ప్రతి రాత్రీ ఆ అరికాళ్ళు దీపం వెలుగులో తిప్పి చూడాలి. చీలిక చుట్టూ ఎరుపు, వాపు, చీము కనబడితే ఇరుముడి కట్టే రోజుదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.