తేలికైన తుపాకీ... బరువైన క్షణం

పెళ్లికి వెళ్లేటప్పుడు సూట్‌కేసు బరువు చూసుకుంటాం. కొండెక్కేటప్పుడు చేతిలో సంచీ కూడా బరువే అనిపిస్తుంది. మరి పొద్దుట్నుంచి సాయంత్రందాకా తడి అడవిలో, దారీ తెన్నూ లేనిచోట నాలుగు కిలోల ఇనుమును మోస్తూ తిరగాలంటే? న్యూజిలాండ్‌లో జింకల వేటకెళ్లేవాళ్ల బాధ అదే. అందుకే వాళ్లు దుకాణంలో దొరికే తుపాకీతో సరిపెట్టుకోరు. లైసెన్సున్న నిపుణుడి దగ్గరికెళ్లి, దర్జీకి కొలతలిచ్చినట్టు కొలతలిచ్చి, తమకు తగ్గట్టు తేలికపాటి రైఫిల్ తయారుచేయించుకుంటారు.

'అయ్యో, జింకను చంపడమా!' అంటారా? మన దేశంలో అది నేరమే. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసేసింది. అక్కడి కథ మాత్రం పూర్తిగా వేరు.

అతిథులే అడవిని మేశాయి!

న్యూజిలాండ్‌లో నేలమీద తిరిగే క్షీరదాల్లో ఆ గడ్డపై పుట్టినవి గబ్బిలాలు మాత్రమే. జింకల్ని పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్లు ఓడల్లో తెచ్చి వదిలారు... సరదాగా వేటాడుకోవడానికి! ఇంగ్లండ్ నుంచి ఎర్ర జింకలొచ్చాయి. మన నల్లమలలో తిరిగే కణుజు చుట్టమే ఒకటి 1875 ప్రాంతంలో శ్రీలంక నుంచి వెళ్లింది. 'సాంబార్' పేరుతో ఇప్పటికీ అక్కడ ఉంది. 1905లో సికా జింకలు చేరాయి.

పులి లేదు, చిరుత లేదు, తోడేలూ లేదు. ఇంకేం? మందలు పెరిగిపోయాయి. జింక పంటిని ఎన్నడూ ఎరగని చెట్లు వాటికి మెత్తటి మేతయ్యాయి. చిగుళ్లు పోయాయి. పెద్ద చెట్లు పడిపోతే వాటి స్థానంలో లేవాల్సిన మొక్కలు లేకుండా పోయాయి. చివరికి 1930లో ప్రభుత్వం జింకలకున్న రక్షణను ఎత్తేసింది. కెప్టెన్ యెరెక్స్ అనే అధికారి ఆధ్వర్యంలో జీతాలిచ్చి మరీ వేటగాళ్లను అడవుల్లోకి పంపింది.

వాళ్ల చేతిలో ఉన్నది సైన్యం వాడిన .303 లీ ఎన్‌ఫీల్డ్. బరువు దాదాపు నాలుగు కిలోలు. యుద్ధానికి బాగానే ఉంటుంది. తీగల అడవిలో దాన్ని మోయడమే ఓ యుద్ధం! దాంతో ముందు భాగంలో ఉన్న చెక్కను కోసి పారేసి, అనవసరమైన ఇనుప ముక్కల్ని ఊడదీసేవారు. నేటి తేలికపాటి తుపాకులకు ముత్తాతలు అవే. ఆ వేటగాళ్లలో ఒకడైన బ్యారీ క్రంప్ 1960లో తన అనుభవాలతో 'ఎ గుడ్ కీన్ మ్యాన్' అనే పుస్తకం రాస్తే, అది ఆ దేశంలో ఇంటింటా చదివిన పుస్తకమైంది.

లాయర్ పట్టుకుంటే వదలడు

అక్కడి అడవిలో 'సప్లిజాక్' అని ఓ తీగ ఉంది. నల్లటి తాళ్లలా చెట్ల మధ్య అల్లుకుపోతుంది. ఇంకో ముళ్ల తీగ పేరు 'బుష్ లాయర్'. కొక్కేల్లాంటి ముళ్లతో ఒకసారి పట్టుకుంటే వదలదట, అందుకే ఆ పేరు! ఇలాంటిచోట పొడవాటి గొట్టమున్న తుపాకీ అడుగడుగునా చిక్కుకుంటుంది. ఆకు కదిలినా చాలు, జింక మాయం.

కాబట్టి మొదటి కోత గొట్టానికే. పాత సైనిక తుపాకీ గొట్టం 25 అంగుళాలు. అడవి కోసం చేయించుకునేది 16 నుంచి 20 మధ్యలో ఉంటుంది. గొట్టం తగ్గితే తూటా వేగమూ కొంత తగ్గుతుంది. అయితే మైదానంలో 300 మీటర్ల దూరం చూసేవాడికి అది లోటు గానీ, దట్టమైన అడవిలో జింక కనిపించేదే 50 మీటర్లలోపు. అంత దగ్గర్లో ఆ తేడా లెక్కలోకి రాదు.

గ్రాము గ్రాముకూ లెక్క

తర్వాత భుజానికి ఆనించే చెక్క. వాల్‌నట్ చెక్క చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వారం రోజుల వానలో మాత్రం ఉబ్బుతుంది, వంగుతుంది. అది గొట్టాన్ని కాస్త నొక్కినా గురి మారిపోతుంది. అందుకే కార్బన్ ఫైబర్, కెవ్లార్ వంటివాటితో చేసినవి వాడతారు. తేలిక, పైగా వానకు చలించవు. అమెరికాలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ 1980ల్లోనే ఈ పద్ధతిలో రెండున్నర కిలోలలోపు రైఫిళ్లు చేసి పేరు తెచ్చుకున్నాడు.

పైన అమర్చే దుర్భిణి విషయంలోనూ అంతే. పెద్దది పెడితే బరువు పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. చెట్ల మధ్య పది రెట్లు పెద్దగా చూస్తే కంటినిండా ఆకులే! రెండు మూడు రెట్లు చూపించే చిన్నది చాలు.

తేలికకూ ఓ ధర

ఇంతా చేస్తే వచ్చేదేమిటి? కిలోన్నర ఆదా. సాయంత్రానికి భుజాలు పడిపోవు, చేతులు వణకవు, కళ్లు అలసిపోవు. కానీ ఉచితంగా ఏదీ రాదు కదా! తుపాకీ బరువే దాని తన్నును కొంత మింగుతుంది. నాలుగు కిలోల తుపాకీని రెండున్నరకు దించితే అదే తూటాకు వెనక్కి తన్నే శక్తి సుమారు 60 శాతం పెరుగుతుంది. భుజం నొప్పి సంగతి తర్వాత. ఆ దెబ్బకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది. గురి తప్పిన తూటా జింకను చంపదు, గాయపరుస్తుంది. అది పొదల్లో పడి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. అందుకే మంచి తయారీదారు 'ఎంత తేలిక?' అన్న ప్రశ్నకు ముందు 'ఎంత తన్ను తట్టుకోగలవు?' అని అడుగుతాడు. మెత్తటి రబ్బరు దిమ్మ పెట్టడం, మరీ బలమైన తూటా ఎంచుకోకపోవడం... ఇవే దానికి మందులు.

ఆ ఒక్క క్షణం

అసలు బరువు ఇదేదీ కాదు. పొదలు కదిలాయి. గోధుమరంగు ఏదో మెరిసింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. చేతిలో తేలికైన తుపాకీ ఇట్టే భుజానికొచ్చింది. ఆ పొదల వెనక ఉన్నది జింకేనా?

న్యూజిలాండ్‌లో జింక అనుకుని మనిషిని కాల్చిన ఘటనలు ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చాయి. చాలాసార్లు చనిపోయింది దారినపోయే పరాయివాడు కాదు. కలిసి వెళ్లిన స్నేహితుడో, సొంత మనిషో! పొద్దుట్నుంచీ జింక కోసమే వెతికే కళ్లకు చిన్న రంగు, చిన్న కదలిక చాలు... మిగతా జింకను మనసే బొమ్మ గీసేస్తుంది. చూసేవాడికి అబద్ధమాడుతున్నట్టు కూడా తెలియదు.

అందుకే అక్కడ లైసెన్సు కావాలంటే ఏడు భద్రతా సూత్రాలు నేర్చుకోవాలి. వాటిలో ఒకటి, ఏ సందేహానికీ తావులేకుండా లక్ష్యాన్ని గుర్తించడం. అనుభవజ్ఞులు చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: కదిలింది మనిషే అనుకో, జింకేనని తేలేదాకా. తోడొచ్చినవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే వేట ఆపెయ్. చాలామంది నారింజరంగు చొక్కాలు వేసుకునేదీ ఇందుకే. జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు ప్రత్యేకంగా ఆనవు, మనిషి కంటికి మాత్రం దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టనపెట్టుకున్న కాల్పుల తర్వాత ఆ దేశం చాలారకాల సెమీ ఆటోమేటిక్ తుపాకుల్ని నిషేధించింది. ఒక్కో తూటాకూ చేత్తో బోల్టు లాగే వేట తుపాకులు మిగిలాయి. చట్టం తుపాకీ రకాన్ని నిర్ణయించగలదు, ఎవరి చేతిలో ఉండాలో చెప్పగలదు. పొదల ముందు నిలబడ్డవాడి వేలిని ఆపాల్సింది మాత్రం వాడే.

చెక్కలో, ఇనుములో, దుర్భిణిలో ఎన్ని గ్రాములైనా తగ్గించుకోవచ్చు. అలా మిగిలిన ఓపికను ఇంకాస్త నిదానంగా చూడటానికి వాడుకున్నవాడే అసలైన వేటగాడు. సాయంత్రం జింక దొరక్కుండా ఉత్తచేతులతో తిరిగొచ్చినా ఇంట్లో ఎవరూ ఏడవరు. వెళ్లిన ఇద్దరూ తిరిగొస్తే చాలు!