మాత్ర మ్రింగువాని మాట

1994లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానమందిన అమెరికా గణితవేత్త జాన్ నాష్, 1959లో, 30వ యేట స్కిజోఫ్రీనియా వాతబడెను. 2001లో వెలువడిన ఆయన జీవితకథా చలనచిత్రము బహుమాన కాలమున ఆయన క్రొత్త మందులు వాడుచున్నట్లు పలికించినది. యథార్థమది కాదు. 1970 తరువాత ఆయన ఆ మందులు ముట్టలేదు. ప్రేక్షకులలోని రోగులు మందు మానుదురేమోయని అట్లు కల్పించిరట!

ఆ భయము నిరాధారము కాదు. మందు మానినవారిలో పెక్కండ్రకు వ్యాధి తిరుగబెట్టును. నాష్ కోలుకొనుటకును ఏండ్లు పట్టినవి. అయినను రోగి మందునేల ద్వేషించునో అడుగవలదా? 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ వాడినది మొదలు ఈ మందులు లేని గొంతుకలను అణచినవి. వానితోడనే చేతులకు వణకును, ఒడలికి బిగుపును, కాళ్లకు నిలుకడలేమిని తెచ్చినవి. తరువాతివానిలో కొన్ని ఒళ్లు పెంచి మధుమేహమునకు దారితీయుచున్నవి. క్లోజపైన్ వాడువాడు తెల్లకణములు తగ్గునేమోయని మాటిమాటికి నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను.

ఈ బాధ చెప్పినవానిని పిచ్చి ముదిరినదని ఇంటివారే కసరుదురు. తరగతిలో తూగు విద్యార్థిని బల్లయెక్కించు ఉపాధ్యాయుడు, వాడు రాత్రి మ్రింగిన మాత్ర యేదో యెరుగునా? మోతాదు తగ్గింపుమనియు, మందు మార్పుమనియు అడుగుట మొండితనము కాదు. తనకెట్టి చికిత్స వలయునో, ఏది వలదో ముందుగానే వ్రాసియుంచు వీలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కల్పించినది. ఆ పత్రము వ్రాయదగినది రోగి కుదుటపడియున్న దినములలో. బంధువులు ఆసుపత్రి ఊసు మరచు దినములును అవే.