ఆపినవాడి లెక్క ఎవరు రాస్తారు?

ఆట ముగించుకుని ఇంటికొచ్చిన పిల్లాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటి? 'గెలిచారా?' అని. రెండోది? 'నువ్వెన్ని వేశావ్?' అని. సికింద్రాబాద్‌లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న ఇళ్లలో చిక్కంతా ఈ రెండో ప్రశ్న దగ్గరే. 'రెండు పాయింట్లు' అన్నాడనుకోండి, నాన్న ముఖం చిన్నబోతుంది. 'ఆ రెండింటి కోసమేనా రోజూ అయిదింటికే లేపి పంపేది, అంత ఖరీదు పెట్టి బూట్లు కొన్నది' అని అమ్మ అందుకుంటుంది. మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు కొట్టే అవతలి జట్టు కుర్రాడిని ఆ రోజు ఆరు దగ్గర ఆపింది వీడేనన్న సంగతి స్కోర్‌షీట్‌లో ఉండదు. వీడూ చెప్పుకోడు.

ఒక్కసారి కూడికలూ తీసివేతలూ చేసి చూడండి. వీడు వేసినవి రెండు, ఆపినవి పద్నాలుగు. వెరసి పదహారు. పక్కనున్న ఇంకో కుర్రాడు పద్దెనిమిది వేశాడు గానీ, తను కాపలా కాయాల్సినవాడికి ఇరవై రెండు ఇచ్చేశాడు. చప్పట్లు ఎవరికి? రెండోవాడికే! నిజానికి జట్టు లాభనష్టాల్లో చూస్తే అతను నాలుగు పాయింట్ల బాకీ.

ఇది ఇంటి ముచ్చటగానే మిగిలితే బాధ లేదు. కానీ సికింద్రాబాద్‌లో ఆటంటే ఆట ఒక్కటే కాదు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడికొచ్చింది. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో కొలువో, కాలేజీలో సీటో దొరుకుతుందన్న ఆశ ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో ఉంది. మరి సెలక్షన్ ట్రయల్స్ ఎలా జరుగుతాయి? ఒకరికొకరు పరిచయం లేని పదిమందిని రెండు జట్లుగా చేసి పావుగంట ఆడిస్తారు. అందరి చూపూ బుట్ట మీదే. దొరికిన ప్రతి బంతినీ విసిరేస్తారు. అలాంటి చోట తోటివాడికి దారి ఇచ్చి, అవతలివాడికి దారి మూసేవాడు కళ్లకు ఆనతాడా?

అసలు డిఫెన్స్‌లో చేసే పనేమిటో చూద్దాం. ఎదుటివాడి చేతిలోంచి బంతి లాక్కోవడం, గాల్లో ఉన్న షాట్‌ను అరచేత్తో కొట్టిపారేయడం... ఇవి అందరికీ కనిపిస్తాయి. ఈ రెండింటినీ కూడా అమెరికాలోని ఎన్‌బీఏ 1973-74 సీజన్ నుంచే లెక్కించడం మొదలుపెట్టింది. అంతకుముందు వాటికీ దిక్కు లేదు! ఇక మిగతా పనుల మాటేమిటి? కుడిచేతి వాటం ఉన్నవాడిని పదే పదే ఎడమవైపుకి నెట్టాలి. షాట్ వేసే క్షణంలో చెయ్యి అడ్డంపెట్టాలి, ఒంటికి తగలకూడదు, తగిలితే ఫౌల్. బంతి రింగుకి తగిలి వెనక్కొచ్చేలోపు ఎదుటివాడిని వీపుతో ఆపి, తనవాడు అందుకునేలా చూడాలి. వెనక నుంచి ఎవరొచ్చి అడ్డం నిలబడుతున్నారో తోటివాళ్లకి అరిచి చెప్పాలి. పక్కవాడు బోల్తా పడితే పరిగెత్తి ఆ ఖాళీ పూడ్చాలి, మళ్లీ తన మనిషి దగ్గరకు ఉరకాలి. ఇన్ని చేశాక అవతలివాడు షాట్ వేయకుండా బంతిని పక్కవాడికి ఇచ్చేశాడనుకోండి, కాగితం మీద ఏమీ జరగనట్టే. జరగకుండా చేసినందుకు మార్కులెవరిస్తారు?

అలా మార్కులు పడని మనిషి ఎక్కడిదాకా వెళ్లగలడో బెన్ వాలెస్ కథ చెబుతుంది. అలబామాలో పదకొండు మంది పిల్లల ఇంట్లో పదోవాడు. 1996లో ఎన్‌బీఏ జట్లు కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు ఒక్కరూ అతని పేరు పిలవలేదు. 2000లో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు నుంచి గ్రాంట్ హిల్ అనే పెద్ద స్టార్ వెళ్లిపోతుంటే, అతనికి బదులుగా వచ్చిన ఇద్దరిలో వాలెస్ ఒకడు. అభిమానులు ఉసూరుమన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2004 ఫైనల్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ లాంటి మహామహులున్న లేకర్స్‌ని పిస్టన్స్ 4-1తో చిత్తు చేసింది. మూడో మ్యాచ్‌లో లేకర్స్ చేసింది 68 పాయింట్లు! కెరీర్ మొత్తమ్మీద వాలెస్ సగటు మ్యాచ్‌కి 5.7 పాయింట్లే. అయినా ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగుసార్లు గెలిచాడు, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఇదే వాలెస్‌కి ఇంకో కథా ఉంది. ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రోలు... వందకి నలభై ఒకటే పడేవి. ఆ సంగతి తెలిసిన ప్రత్యర్థులు కావాలనే అతన్ని పట్టుకుని ఫౌల్ చేసేవారు. పాయింట్లు వేయలేనివాడు కోర్టులో ఉంటే ఆ భారం మిగతా నలుగురూ మోయాలి. 'డిఫెన్స్ ఒక్కటీ చాలు' అనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

టోనీ అలెన్‌కి జరిగింది అంతకంటే చేదు. మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టులో ఎదుటివాళ్లకి ఊపిరాడనివ్వని మనిషి. 2015 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ షూటర్లను ఉక్కిరిబిక్కిరి చేసి, తాను ఉత్తమ డిఫెన్స్ జట్టులో సభ్యుణ్నని కోర్టులో గట్టిగా చెప్పుకుంటూ తిరిగాడు. మెంఫిస్ 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది. నాలుగో మ్యాచ్‌లో వారియర్స్ ఓ ఎత్తు వేసింది. అలెన్‌కి కాపలాగా ఆండ్రూ బోగట్ అనే పొడుగాటి సెంటర్‌ని పెట్టింది. కాపలా పేరుకే! బోగట్ అతని దగ్గరికే వెళ్లకుండా బుట్ట కింద నిలబడ్డాడు. 'వేసుకో నాయనా, ఎన్ని వేస్తావో' అన్నట్టుగా. దూరం నుంచి అలెన్ వేయలేడని వాళ్లకి తెలుసు. మెంఫిస్ ఆట ఇరుకైపోయింది. ఆ మ్యాచ్ సహా వరసగా మూడు గెలిచి వారియర్స్ సిరీస్ పట్టుకుపోయింది. ఒక మనిషి చేతకానితనాన్ని అవతలివాళ్లు తమ డిఫెన్స్‌కి వాడుకున్నారన్నమాట. అయినా మెంఫిస్ వాళ్లు అతన్ని మరచిపోలేదు. 2025లో అతని తొమ్మిదో నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించారు.

ఇలాంటి వాదన రూడీ గోబేర్ విషయంలో ఇప్పటికీ నడుస్తోంది. అతనూ వాలెస్‌లాగే నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్. 2022లో అతని కోసం మిన్నెసోటా అయిదుగురు ఆటగాళ్లనూ, నాలుగు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలనూ ఇచ్చేస్తే, మతిపోయిందా అన్నవాళ్లే ఎక్కువ. 2024లో ఆ జట్టు పశ్చిమ విభాగం ఫైనల్‌కి చేరింది. నోళ్లు మూతపడ్డాయా? లేదు. అదే ఫైనల్ రెండో మ్యాచ్ చివర్లో లూకా డాన్సిచ్ అతని నెత్తిమీదుగా మూడు పాయింట్ల షాట్ వేసి గెలిపించుకున్నాడు. వేల షాట్లు ఆపినవాడిని ఆపలేని ఒక్క షాట్‌తో గుర్తుపెట్టుకోవడం లోకరీతి.

అంత దూరం వెళ్లక్కర్లేదు. ఈ పంచాయితీ హైదరాబాద్‌కి కొత్తదేం కాదు. బాస్కెట్‌బాల్‌లో కాదు, క్రికెట్‌లో. 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ వాళ్లు అయిదుగురు. సికింద్రాబాద్‌లో పుట్టిన జైసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్, వికెట్ కీపర్ పోచయ్య కృష్ణమూర్తి. కీపర్‌గా అప్పటికే పేరుమోసిన ఫరూఖ్ ఇంజినీర్ ఉండగా కృష్ణమూర్తి ఎందుకన్నది ప్రశ్న. ఇంజినీర్ ఇంగ్లండ్‌లో ఉంటూ దేశవాళీ మ్యాచ్‌లు ఆడలేదు గనుక పక్కన పెట్టారు. కృష్ణమూర్తి అయిదు టెస్టులూ ఆడాడు. మొత్తం పరుగులెన్ని? ముప్ఫై మూడు! సగటు అయిదున్నర. అదే సిరీస్‌లో గావస్కర్ నాలుగు టెస్టుల్లోనే 774 కొట్టాడు. గావస్కర్ పక్కన ఈ ముప్ఫై మూడుని పెడితే నవ్వొస్తుంది.

కానీ ఆ సిరీస్ భారత్ 1-0తో గెలిచింది. వెస్టిండీస్ మీద మనకదే మొదటి టెస్టు విజయం, మొదటి సిరీస్. వెంకట్రాఘవన్ 22 వికెట్లు తీశాడు. బేడీ, ప్రసన్న కూడా ఉన్నారు. రోజంతా తిరుగుతూ వచ్చే బంతుల వెనక గొంతుకూర్చుని, సోబర్స్ లాంటివాడు బ్యాట్ ఊపుతుంటే కన్నార్పకుండా అందుకోవడం మాటలా? కీపర్ వదిలేసిన బంతుల లెక్క ఉంటుంది గానీ, వదలనివాటికి లెక్కేదీ?

మరి అవతలి పక్షం సంగతి? అదీ గట్టిదే. కొద్ది నెలలకే ఇంగ్లండ్ పర్యటన వచ్చింది. అక్కడ టెస్టుల్లో కీపింగ్ ఇంజినీర్ చేశాడు. ఓవల్ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో 59 కొట్టాడు. 173 పరుగుల ఛేదనలో 28తో నాటౌట్‌గా నిలబడ్డాడు. ఇంగ్లండ్ గడ్డ మీద మనకు మొదటి విజయం దక్కింది. కృష్ణమూర్తి ఉండి ఉంటే ఆ పరుగులెవరు కొట్టేవారు? జవాబు చెప్పడం కష్టం. కృష్ణమూర్తికి ఆ తర్వాత మరో టెస్టు దక్కలేదు. 1976లో న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క వన్డే ఆడాడు. 1999లో కన్నుమూశాడు.

రెండు వాదనలూ నిజమే అయినప్పుడు కోచ్‌లు ఏం చేస్తారు? బాస్కెట్‌బాల్‌లో ఓ వెసులుబాటు ఉంది. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆఖరి రెండు నిమిషాల్లో బంతి మనదైతే షూటర్‌ని దించుతారు, వాళ్లదైతే డిఫెండర్‌ని. ఇక లెక్క తేలాలనుకునే తల్లిదండ్రులకి ఓ చిన్న పని. పిల్లాడు కోర్టులోకి వెళ్లినప్పుడు స్కోరెంతో, బయటికొచ్చినప్పుడెంతో చిన్న పుస్తకంలో రాసుకోండి. అమెరికాలో దీన్నే ప్లస్-మైనస్ అంటారు. షేన్ బాటియే అనే ఆటగాడి గొప్పతనం ఇలాంటి లెక్కల్లోనే బయటపడిందని 2009లో రచయిత మైఖేల్ లూయిస్ ఓ పెద్ద వ్యాసం రాశాడు. ఒక్క మ్యాచ్ చూసి సంబరపడొద్దు, దిగులూ పడొద్దు. ఆ సమయంలో పక్కన ఎవరెవరున్నారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పది, పదిహేను మ్యాచ్‌లు రాస్తే ఏదో ఒక దారి కనిపిస్తుంది. అన్నట్టు, ఇంకో చిట్కా. ఓ అయిదు నిమిషాలు బంతిని చూడటం మానేసి మీవాడినొక్కణ్నే చూడండి. ఆట వేరేగా ఉంటుంది.

ఫుట్‌బాల్‌లో మాత్రం సికింద్రాబాద్ ఈ పందెం రెండువైపులా గెలిచింది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గోల్స్ వేసేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ చేసిన మూడు గోల్స్‌లో రెండు అతనివే. అదే జట్టులో గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ పొడగరి పీటర్ తంగరాజ్‌ది కూడా ఇక్కడి ఆటే. రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో అంతకుముందు కీపింగ్ చేసిన ప్రద్యుత్ బర్మన్‌ని కూర్చోబెట్టి, దక్షిణ కొరియాతో ఫైనల్‌కి తంగరాజ్‌నే దించారు కోచ్ రహీం సాబ్. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ డిఫెండర్ ఒక గోల్ వేశారు. తంగరాజ్ ఒక్కటే ఇచ్చాడు. 2-1, స్వర్ణం. ఇంతకీ ఆ తంగరాజ్ ఆట మొదలుపెట్టిన కొత్తల్లో ఏం ఆడేవాడో తెలుసా? సెంటర్ ఫార్వర్డ్!