పాత రేసింగ్ బండికి కొత్త ఈసీయూ ఎందుకు వద్దంటున్నానంటే..

కొత్త ఫోన్ కొనేముందు మనం అడిగే ప్రశ్నల్లో ఒకటి, "దీనికి ఎన్నాళ్లు అప్‌డేట్స్ వస్తాయి?" అని. పాత రేసింగ్ బండిని మోడర్నైజ్ చేద్దామనుకునేవాళ్లు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలంటాను నేను.

ఉదాహరణకి బాహా బూట్‌ని తీసుకుందాం. 1967లో జనరల్ మోటార్స్ ఇంజినీర్ విక్ హికీ డిజైన్ చేసిన ఆఫ్‌రోడ్ రేసర్ ఇది. వెనక వీ8 ఇంజిన్, నాలుగు చక్రాలకీ పవర్, నాలుగింటికీ విడివిడిగా సస్పెన్షన్. తయారైనవి రెండే. హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ 1969లో మెక్సికోలో జరిగిన బాహా 1000 రేసులో దీన్ని నడిపాడు, కానీ మధ్యలోనే బండి మొరాయించింది. అతను నడిపిన ఆ బూట్ 2010లో బోన్‌హామ్స్ వేలంలో 1,99,500 డాలర్లు పలికింది.

ఇలాంటి బండి చేతికొస్తే రెండు దారులు. ఒకటి, అప్పుడెలా ఉందో అలా రీస్టోర్ చేయడం. రెండోది, కార్బ్యురేటర్ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ (అదే ఈసీయూ), డిజిటల్ డాష్, పొడుగాటి సస్పెన్షన్ పెట్టేయడం.

రెండో దారి వాళ్ల వాదనలో పస లేకపోలేదు. గతుకుల్లో ఎగిరెగిరి పడేటప్పుడు కార్బ్యురేటర్‌లో పెట్రోల్ అటూ ఇటూ చిందుతుంది, ఇంజిన్ దగ్గుతుంది. కొండెక్కితే మిక్స్చర్ లెక్క తప్పుతుంది. ఇంజెక్షన్‌లో ఇవన్నీ సెన్సార్లే చూసుకుంటాయి. పైగా "ఆ రోజుల్లో టీమ్‌లు కూడా రేసు రేసుకీ ఏదో ఒకటి మార్చేవి కదా, మేం మారిస్తే తప్పేంటి?" అంటారు. నిజమే. కానీ వాళ్లు మార్చింది తర్వాతి రేసు గెలవడానికి. ఆ మార్పులు కూడా ఇప్పుడు బండి చరిత్రలో భాగం. మనం మార్చేది మన సౌకర్యం కోసం.

అసలు చిక్కు ఇంకోటుంది. కొత్త ఎలక్ట్రానిక్స్ పాత ఇనుము కంటే త్వరగా ముసలివైపోతాయి. కార్బ్యురేటర్ చెడితే ఒక స్క్రూడ్రైవర్, రిపేర్ కిట్, మంచి చెవి ఉన్న మెకానిక్ చాలు. ఈసీయూ అలా కాదు. దానికి సాఫ్ట్‌వేర్ కావాలి, కేబుల్ కావాలి, ఆ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ కావాలి. 1990ల నాటి సూపర్‌కార్ మెక్‌లారెన్ ఎఫ్1 సంగతే చూడండి. దాని సర్వీసింగ్ కోసం 2016లో కూడా కాంపాక్ ఎల్‌టీఈ 5280 అనే పాతకాలం ల్యాప్‌టాప్‌లను కంపెనీ కాపాడుకుంటూ వచ్చింది. మెక్‌లారెన్ అంత పెద్ద కంపెనీకే ఆ తిప్పలు. మన వర్క్‌షాప్‌లో పెట్టించిన ఈసీయూకి పాతికేళ్ల తర్వాత దిక్కెవరు?

అలాగని ఏదీ ముట్టుకోవద్దని కాదు. ప్రాణాలు కాపాడేవి పెట్టాల్సిందే. కొత్త సీట్ బెల్టులు, పగిలినా పెట్రోల్ కారనివ్వని ఫ్యూయల్ సెల్, మంటలార్పే సిలిండర్, కొత్త బ్రేక్ గొట్టాలు.. వీటిలో రాజీ లేదు. మిగతావాటికి నా లెక్క ఒకటే: బోల్టులు విప్పితే బండి మళ్లీ మునుపటిలా అవుతుందా? జీపీఎస్ అవుతుంది. ఎల్ఈడీ లైట్లు అవుతాయి. కొత్త సస్పెన్షన్ కోసం కోసేసిన ఛాసిస్ అవ్వదు. కొత్త టెక్నాలజీ వాడాలనుంటే 3డీ స్కానింగ్ ఉంది. అరిగిన భాగాన్ని స్కాన్ చేసి అచ్చు అలాంటిదే చేయించొచ్చు.

మరి స్పీడ్ కావాలంటే? బూట్ కొన్న జేమ్స్ గ్లికెన్‌హాస్ చేసిన పని నాకు నచ్చింది. పాతదాన్ని కోయకుండా, దాని స్ఫూర్తితో తన కంపెనీలో కొత్త బూట్ తయారు చేయించాడు. అది 2019 బాహా 1000లో తన క్లాస్ గెలిచింది. ఇప్పుడు పాతదీ ఉంది, కొత్తదీ ఉంది.

అంత డబ్బు అందరికీ ఉండదు, ఒప్పుకుంటాను. కానీ షెడ్డులో తాతలనాటి జీపు ఉన్నవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన టూవీలర్, ఫోర్ వీలర్లకి 'వీఏ' సిరీస్‌లో వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు. అయితే బండి ఒరిజినల్‌గా ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే గ్యాస్ కట్టర్ పట్టుకునే ముందే ఆలోచించుకోవాలి.

మెకానిక్‌కి బండి ఇచ్చే ముందు ప్రతి మూలా ఫొటోలు తీసి పెట్టుకోండి. విప్పిన భాగాల్ని పాత ఇనుము వాడికి వేయకుండా, చీటీ అంటించి డబ్బాలో దాచండి. మీ తర్వాత ఆ బండి ఎవరి చేతికొస్తుందో, వాళ్లకి అవే కావాల్సి రావచ్చు.